ఊపిరి వదలని సాక్సఫోన్

మా విశ్వవిద్యాలయంలో సాక్సఫోన్ వాయించడాన్ని ఎవరూ, ఎప్పుడూ నిషేధించలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ సంగతి విన్నవాళ్ళందరూ అధికారులను ఆడిపోసుకుంటున్నారు. ఆ సర్క్యులర్ నా దగ్గర ఇప్పటికీ ఉంది. అందులో ఇలా ఉంది: "గాలి వాయిద్యములను విద్యార్థులు యథావిధిగా వాయించుకొనవచ్చును. అయితే వాయించు సమయమున ఊపిరిని విడువరాదు."

యథావిధిగా అన్నారు. ఇంకెంత ఉదారంగా ఉండమంటారు?

అప్పట్లో నేను విశ్వవిద్యాలయ జాజ్ సంఘానికి అధ్యక్షురాలిని. పేరు వారిజ, చదివేది ఐదేళ్ళ ఎమ్మే ఎకనామిక్స్, వాయించేది కీబోర్డు. నలభై ఏళ్ళ కిందట భౌతికశాస్త్ర ఆచార్యులొకాయన విదేశం నుంచి ఒక సాక్సఫోనూ, గోనెసంచి నిండా రికార్డులూ మోసుకొచ్చి ఈ సంఘం పెట్టారు. ఆయన రిటైరయ్యాక జాజ్ అంటే ఏమిటో తెలిసిన అధికారి మా దగ్గర మిగల్లేదు. ఫైళ్ళలో మా సంఘం 'ఇతర జానపద కళలు' అనే శీర్షిక కింద, కర్రసాముకూ తోలుబొమ్మలాటకూ మధ్య ఉండేది. అడిగినవాళ్ళకు నేను ఓపిగ్గా చెప్పేదాన్ని: అందరూ కలిసి ఒక పాట మొదలుపెడతారు, తర్వాత ఒక్కొక్కరూ వంతులవారీగా తమకు తోచింది అప్పటికప్పుడు కల్పించి వాయిస్తారు, చివరికి మళ్ళీ పాట దగ్గర కలుసుకుంటారు అని. "చివరికి కలుసుకునేదానికి మధ్యలో విడిపోవడం దేనికమ్మా?" అని ఒక డీన్ గారు అడిగారు. నిజంగా తెలుసుకుందామనే అడిగారు పాపం.

నియమావళి ప్రకారం సంఘంలో పదిమంది ఉండాలి. రిజిస్టరులో పదిమందీ ఉన్నారు. గదిలో మాత్రం ముగ్గురమే. నేను, ఆదోని నుంచి వచ్చి మెకానికల్ చదివే ఫయాజ్, బర్నబా. ఫయాజ్ డ్రమ్స్ వాయిస్తాడు, ఏది చెప్పినా "సరేలే అక్కా" అంటాడు. బర్నబాది చోడవరం పక్కన చిన్న ఊరు. వాళ్ళ నాన్న గాబ్రియేలు గారికి పెళ్ళిళ్ళ బ్యాండు మేళం ఉంది. ఈ అబ్బాయి సాక్సఫోన్ అందుకుంటే కారిడార్లో పోయేవాళ్ళు ఎందుకు వచ్చారో మరచిపోయి నిలబడిపోయేవాళ్ళు. ఆ సాక్సఫోన్ విశ్వవిద్యాలయానిది, పాత ఆచార్యుల వారు తెచ్చినదే. బర్నబాకు సొంతంగా ఇంకొకటి లేదు, వచ్చే దారీ లేదు.

కోవిడ్ వచ్చి అందరినీ ఇళ్ళకు పంపేసింది. సాక్సఫోన్ బర్నబా వెంటే ఊరెళ్ళింది, కొన్నాళ్ళు ఫోన్లలో సాధన చేశాం. ఫయాజ్ ఆదోనిలో కొట్టిన దెబ్బ నాకు రెండు క్షణాల తర్వాత వినబడేది, నేనందుకుని వాయిస్తే బర్నబాకు ఇంకో రెండు క్షణాలకు. మేము పాట ముగించి సెలవు తీసుకున్నాక కూడా ఎక్కడో ఒక చోట పాట ఇంకా నడుస్తూనే ఉండేది.

పది నెలల తర్వాత హాస్టళ్ళు సగం తెరిచారు. వచ్చీ రాగానే విద్యార్థి వ్యవహారాల విభాగం నుంచి ఉత్తరం అందింది. విద్యా సంవత్సరంలో కనీసం మూడు కార్యక్రమాలు జరపని సంఘానికి మార్చి ముప్పై ఒకటిన గుర్తింపు రద్దవుతుందట. గుర్తింపు పోతే గది పోతుంది. గదిలోని వస్తువులు స్టోర్స్‌కు పోతాయి. మా స్టోర్స్‌లోకి వెళ్ళిన వస్తువు మళ్ళీ వెలుగు చూసినట్టు నేను ఎరగను. బర్నబా ఉత్తరం రెండుసార్లు చదివి మడిచి నా చేతికిచ్చాడు.

"అక్కా, ఇది స్టోర్స్‌కి ఎల్లిపోతే నేనింక ఊదలేను కదా" అన్నాడు.

"పోనివ్వను" అన్నాను. అధ్యక్షురాలిని కదా, అలాగే అనాలి.

రిజిస్ట్రారు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మాస్కు మీద ఇంకో మాస్కు, దాని మీద ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, గాజు అడ్డం వెనక కూర్చుని ఉన్నారు.

"చూడమ్మా, కార్యక్రమం జరిగి తీరాలి. అది నియమావళి. అయితే కార్యక్రమం జరగడానికి వీల్లేదు. అది కోవిడ్ నిబంధన. ఈ రెంటికీ వైరుధ్యం లేకుండా మీరు ముందుకు వెళ్ళాలి" అన్నారు.

"ఎలాగండీ?"

"అది కోవిడ్ నోడల్ అధికారి పరిధిలోని అంశం."

నోడల్ అధికారి ఆచార్య తాండవకృష్ణ గారు భూగర్భశాస్త్రం. రాళ్ళ మీద ముప్పై ఏళ్ళు పరిశోధన చేశారు, అందరికంటే సీనియరు, అందుకని అంటువ్యాధి ఆయనకు అప్పగించారు. చాలా నిజాయితీగా పనిచేసే మనిషి. వారం రోజులు ఆలోచించి, నేను పైన చెప్పిన సర్క్యులర్ తయారుచేశారు. దాంతోపాటు ఒక ఫారం కూడా ఇచ్చారు. కచేరీలో అప్పటికప్పుడు కల్పించి వాయించబోయేది ఏమిటో ఏడు రోజుల ముందు మూడు ప్రతుల్లో రాసివ్వాలి.

"సార్, అప్పటికప్పుడు తోచేది ముందు ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"తోచేది ముందే తోచేట్టు చూసుకోండమ్మా. ఆశువుగా చేసే పనికే ఎక్కువ ప్రణాళిక ఉండాలి" అన్నారు ఆయన.

ఊపిరి వదలకుండా సాక్సఫోన్ ఎలా వాయించాలో ఆయన్ని అడగలేదు. అడిగితే ఇంకో ఫారం వస్తుందని భయం. గదికి తిరిగొచ్చి ఇద్దరికీ సర్క్యులర్ చదివి వినిపించి, అయిపోయింది, ఇక సర్దుకుందాం అన్నాను. ఫయాజ్ సరేలే అక్కా అనబోయి ఆగాడు. బర్నబా మాత్రం నవ్వాడు.

"అది నాకు వచ్చక్కా" అన్నాడు.

"ఏది?"

"ఊదకుండా వాయించడం. మా నాన్న మేళంలో పద్నాలుగు మంది ఉంటే ఊదీవోళ్ళు తొమ్మిది మందేని. మిగతావోళ్ళు ఊరికినే డ్రస్సేసుకుని పట్టుకుంటారు. ఊరేగింపు నిండుగా అవుపించాలి కదా. తొమ్మిదో తరగతిలో నన్నలాగే నిలబెట్టేసినాడు మా నాన్న. బుగ్గలు పొంగించాలి, వేళ్ళు కదపాలి, మెడ మీద నరం తేలాలి. ఒక్క చుక్క గాలి పోకూడదు. పక్కోడికి అడ్డం కదా."

ఆ విద్య ఇంత పనికొస్తుందని ఎవరనుకున్నారు? నేను దరఖాస్తు పెట్టాను.

మొదటి కచేరీ ఫిబ్రవరిలో, సెనేట్ హాల్లో జరిగింది. ప్రేక్షకులు పదకొండు మంది, అందరూ కోవిడ్ కమిటీ సభ్యులే, కుర్చీకీ కుర్చీకీ ఆరడుగులు. కచేరీకి ముందు నోడల్ అధికారి గారు స్వయంగా వేదిక ఎక్కి, సాక్సఫోన్ మూతిని ప్లాస్టిక్ కాగితంతో చుట్టి, దారం కట్టి, బ్యాలెట్ పెట్టెకు వేసినట్టు లక్క సీలు వేశారు, మళ్ళీ చెప్పేదాకా దాన్ని తీయకూడదన్నారు. వాయిద్యం వెడల్పాటి చివర ముందు ఒక పల్చటి కాగితపు చీలిక వేలాడదీశారు. అది కదిలితే ఊపిరి వెలువడినట్టు. ఫ్యాన్లన్నీ ఆపించారు. ఇక మేము మొదలుపెట్టాం. నేనూ ఫయాజూ పాట ఎత్తుకున్నాం. బర్నబా వంతు వచ్చేసరికి మేము పక్కకు తగ్గి తాళం మాత్రం ఉంచాం. అతను కళ్ళు మూసుకుని, నడుము వంచి, మెడ నరాలు తేలేట్టు ముప్పై రెండు ఆవర్తనాల నిశ్శబ్దం వాయించాడు. కాగితం కదల్లేదు.

అంతా బాగానే ఉండేది. తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు సింహాచలం గారు ఫయాజ్ డ్రమ్స్ అందుకున్న ఊపుకి మాస్కు కిందికి లాగి "ఓలమ్మో" అన్నారు. ముందు వరసలో ఒక ప్రొఫెసరు గారు దానికి నవ్వారు.

మర్నాడు నోడల్ అధికారి నివేదిక వచ్చింది. సాక్సఫోన్ నూటికి నూరుపాళ్ళు సురక్షితం. అయితే డ్రమ్స్, కీబోర్డులు వెలువరించిన శబ్దం శ్రోతల చేత ఊపిరి వదిలించినట్లు కమిటీ గమనించింది. కాబట్టి శబ్దమే వ్యాధికి మూలవాహకం. రెండవ కార్యక్రమంలో శబ్దకారకములైన వాయిద్యములన్నింటినీ శబ్దరహితముగా వాయించవలెను.

ఫయాజ్‌కు డ్రమ్ముకు అంగుళం దూరంలో కర్ర ఆపడం నేర్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నా కీబోర్డు తీగ మాత్రం పీకేస్తే సరిపోయింది. మార్చి మొదట్లో రెండో కచేరీ యాభై నిమిషాలు జరిగింది, ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. చప్పట్లకు బదులు చేతులు పైకెత్తి ఊపారు.

మూడో కచేరీకి వైస్ ఛాన్సలర్ గారు విచ్చేశారు. అయిపోయాక మైకు దగ్గరికి వచ్చి, మాస్కు గడ్డం కిందికి జరుపుకుని, నలభై ఐదు నిమిషాలు మాట్లాడారు. "నా ముప్పై నాలుగేళ్ళ అనుభవంలో ఇంత క్రమశిక్షణ గల సంగీతాన్ని నేను ఆస్వాదించి ఉండలేదు. ఇది ఇతర విశ్వవిద్యాలయాలకు ఆదర్శప్రాయమైన నమూనా. దీనిని సంస్థాగతం చేయవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది" అన్నారు. ఆ ఊపుకి అటూ ఇటూ కూర్చున్న రిజిస్ట్రారు గారూ నోడల్ అధికారి గారూ తల పంకించారు. మాకు గుర్తింపు నిలిచింది. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను, సిగ్గులేకుండా.

ఆ తర్వాతి ఏడాది మా సంఘానికి ఎదురులేకపోయింది. నెలకొక కచేరీ. తెలుగు శాఖవాళ్ళు మౌన కవిసమ్మేళనం పెట్టారు, ఒక్కో కవికీ పది నిమిషాలు, ఈసారి అందరూ సమయానికి ముగించారు. వక్తృత్వ పోటీలు కూడా మా పద్ధతిలోనే జరిగాయి. సెనేట్ హాలు నిండిపోయేది. రానురాను ఆచార్యులకు దీంట్లో అభిరుచి కూడా ఏర్పడింది. "పోయిన నెల రెండో పాటలో అబ్బాయి వాయించింది గొప్పగా ఉంది, ఈసారి కాస్త తొందరపడ్డాడు" అని కారిడార్లో మాట్లాడుకునేవారు. బర్నబా ఒక చోట స్వరం తప్పాడని కామర్స్ శాఖ నుంచి రాతపూర్వకంగా ఫిర్యాదు వచ్చింది. మూడు ప్రతుల్లో ఇచ్చిన ఫారంతో పోల్చి చూసి, తప్పలేదని కమిటీ తేల్చింది.

మెచ్చుకుంటూ ఉంటే ఎవరికి మాత్రం చేదు? నేను వేదిక మీద నమస్కారాలు పెడుతూ, బర్నబా మొహం కేసి చూడ్డం మానేశాను. ఒకసారి మాత్రం కచేరీ తర్వాత వాయిద్యం పెట్టెలో సర్దుతూ అతనే అన్నాడు, "అక్కా, నిద్రలో ఊదుతున్నట్టు కల వస్తంది. కలలో కూడా సౌండు రావట్లేదు" అని. నేను ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టమన్నాను. అప్పుడే వెళ్ళి ఆ లక్క పగలగొట్టి ఉండాల్సింది. కొట్టలేదు.

కోవిడ్ తగ్గింది. మాస్కులు పోయాయి, పెళ్ళిళ్ళు మొదలయ్యాయి, గాబ్రియేలు గారి మేళం మళ్ళీ రోడ్డెక్కింది. నేను గంతులేసుకుంటూ నోడల్ అధికారి గారి దగ్గరికి వెళ్ళి సీలు తీయించమని అడిగాను.

"తప్పకుండా తీయాల్సిందే. అయితే కోవిడ్ పోయింది గాని సర్క్యులర్ పోలేదమ్మా. దాన్ని ఉపసంహరించే అధికారం కోవిడ్ కమిటీకి మాత్రమే ఉంది" అన్నారు తాండవకృష్ణ గారు.

"కమిటీని పిలవండి సార్."

"కోవిడ్ పోయింది కదా. కమిటీని రద్దు చేశాం."

ఆయన మొహంలో నిజమైన బాధ కనిపించింది. రాళ్ళ దగ్గరికి తిరిగి వెళ్ళిపోవాలని ఆయనకూ ఉంది.

అక్కణ్ణుంచి రిజిస్ట్రారు గారి దగ్గరికి పరుగెత్తాను. గాజు అడ్డం తీసేశారు, మనిషి నవ్వుతూ ఉన్నారు. "నీకే కబురు పెడదామనుకుంటున్నా, కూర్చో. వైస్ ఛాన్సలర్ గారు మీ సంఘానికి శాశ్వత గౌరవం కల్పిస్తున్నారు. ఆ సాక్సఫోన్‌ని పరిపాలనా భవనం ముందు హాల్లో గాజు పెట్టెలో ప్రతిష్ఠిస్తున్నాం. ఇరవై రెండో తారీఖు ఆవిష్కరణ. మీ గది పరీక్షల విభాగానికి ఇచ్చేశాం. శబ్దం లేని వాయిద్యానికి ప్రత్యేకంగా గదెందుకు?"

"సార్, అది వాయించుకునే వస్తువు" అన్నాను.

"వాయించుకోండి, ఎవరు వద్దన్నారు? ఈ ఏడాదంతా వాయించినట్టే పెట్టెలో ఉన్నా వాయించవచ్చు. మీ అబ్బాయి పెట్టె పక్కన వచ్చి నిలబడితే సరిపోతుంది."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. స్టోర్స్‌కు పోకుండా కాపాడతానన్నాను. కాపాడి కాపాడి, స్టోర్స్ కంటే గట్టి పెట్టెలోకి తోశాను. స్టోర్స్‌కైతే కనీసం ఎలుకలు వెళ్తాయి. ఇది అధికారులు చేసింది కాదు, వాళ్ళు ఏది అడిగితే అది చేసి పెట్టింది నేను. ఆ మాటే బర్నబాకు చెప్పి, తప్పు నాదిరా అన్నాను. అతను కోప్పడితే బాగుండుననిపించింది. కోప్పడలేదు.

"ఆరోజు పట్టుకోనిస్తారా, లేదా?" అని మాత్రం అడిగాడు.

"నీ చేతుల మీదుగా వైస్ ఛాన్సలర్ గారికి అందించాలట. అందించే ముందు ఒక్క పాట. మౌనంగా."

"సరే" అన్నాడు.

ఇరవై రెండో తారీఖు ఉదయం పదకొండింటికి హాలు కిటకిటలాడిపోయింది. గాజు పెట్టె మీద పసుపు పట్టుగుడ్డ కప్పి ఉంది. పెట్టె కింద ఇత్తడి పలక బిగించి ఉంది. కార్యక్రమం దిగ్విజయంగా, నిశ్శబ్దంగా ముగిసినట్టు పత్రికా ప్రకటన అప్పటికే విలేకరులకు పంచేశారు. పన్నెండున్నరకు వైస్ ఛాన్సలర్ గారికి విమానం ఉంది, అందుకని వాయిద్యం అందుకున్నట్టు రిజిస్టరులో ఆయన సంతకం కూడా పొద్దున్నే తీసేసుకున్నారు.

బర్నబా సాక్సఫోన్ తగిలించుకున్నాడు. బొటనవేలి గోరుతో లక్క గిల్లడం మొదలుపెట్టాడు. ముక్కలు నేల మీద రాలుతుంటే ముందు వరసలో ఎవరూ పట్టించుకోలేదు, అది కూడా వాయింపులో భాగమే అనుకున్నారు. ప్లాస్టిక్ కాగితం విప్పి మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెదాలు తడిచేసుకుని ఊదాడు.

ముందు ఏమీ రాలేదు. తర్వాత వచ్చింది ఒక కీచు, తుప్పుపట్టిన తలుపు బందులా. మళ్ళీ ఊదాడు, అది మధ్యలో విరిగిపోయింది. ఏడాదికి పైగా గాలి పట్టని పెదవి, మూతిలో ఎండిపోయిన రీడు బద్ద. అతని మొహం తెల్లబోయింది. నా జన్మలో నేను అంత సిగ్గుపడలేదు, అంత ఏడుపూ రాలేదు. హాలంతా చేతులు పైకెత్తి ఊపుతోంది. తలుపు దగ్గర నుంచి సింహాచలం గారు, "ఆగకు బాబూ, ఊదీ, ఊదీ" అన్నారు.

మూడోసారి స్వరం నిలబడింది. సన్నగా, వణుకుతూ, కానీ నిలబడింది. దాని మీద ఇంకొకటి పెట్టాడు. ఏ ఫారంలోనూ లేనిది, ఏడు రోజుల ముందు ఎవరికీ తోచనిది. ఫయాజ్ నా పక్క నుంచి లేచి, రిజిస్ట్రారు గారి బల్ల మీద రెండు చేతులతో దరువు అందుకున్నాడు. ఎత్తిన చేతులు గాలిలో అలాగే ఆగిపోయాయి. పరీక్షల విభాగం గుమాస్తాలు కాగితాలు వదిలి మెట్ల మీదికి వచ్చారు. బర్నబా అలా వాయిస్తూనే వేదిక దిగి, వరసల మధ్యగా నడిచి, తలుపు దాటి, గేటు వైపు వెళ్ళిపోయాడు. శబ్దం దూరమవుతూ చాలాసేపు వినబడింది.

వైస్ ఛాన్సలర్ గారు గడియారం చూసుకుని, పట్టుగుడ్డ లాగారు. ఖాళీ గాజు పెట్టెకు నమస్కరించి, ఫొటో దిగి, విమానానికి వెళ్ళిపోయారు.

వారం తర్వాత రిజిస్ట్రారు గారు పిలిపించారు. డిగ్రీ పోయిందనే అనుకుని వెళ్ళాను. ఆయన రిజిస్టరు తెరిచి నా వైపు తిప్పారు.

"వస్తువు అందినట్టు, పెట్టెలో ప్రతిష్ఠించినట్టు వైస్ ఛాన్సలర్ గారి సంతకం ఉంది. పత్రికల్లో వచ్చింది. ఇప్పుడు నువ్వు అది పెట్టెలో లేదంటే, వారు లేనిదాన్ని ఆవిష్కరించినట్టవుతుంది. లేదంటావా?"

"ఉందండీ" అన్నాను.

"సంఘం అధ్యక్షురాలిగా ధ్రువీకరిస్తూ సంతకం పెట్టు."

పెట్టాను. పెడుతుంటే ప్రహరీ గోడ అవతల నుంచి, సముద్రం వైపు నుంచి, బర్నబా సాధన వినబడుతోంది. ఇంకా ఒకటి రెండు చోట్ల విరుగుతోంది. ఆ మధ్యాహ్నమే మా బస్సు, సాయంత్రం చోడవరంలో పెళ్ళి ఉంది, గాబ్రియేలు గారు ఊదేవాళ్ళు పదిమంది కావాలన్నారు. రిజిస్ట్రారు గారు కలం మూత పెట్టి, కిటికీ వైపు చెవి ఒగ్గి విన్నారు.

"ఎవరమ్మా ఆ గోల చేస్తున్నది? మీవాళ్ళు కాదు కదా?"

"కాదండీ" అన్నాను. "మాది చప్పుడు చెయ్యదు."